మైకు పెట్టిన చోటు

మా ఇంట్లో టీవీ ముందు నవ్వులు రెండు విడతలుగా వినిపించేవి. మొదట అందరం నవ్వేవాళ్లం. ఆ నవ్వు తగ్గుతుండగా మా ఆవిడ నవ్వేది. తెర మీది మాట వినబడి కాదు, మా ముఖాలు చూసి. ఆ చిన్న ఆలస్యాన్ని చాలాకాలం ఎవరమూ గమనించలేదు. గమనించిన రోజు నుంచి నాకు ఏ సినిమాలోనూ అది తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఒక జ్వరం ఆమె కుడిచెవిని దాదాపుగా తీసుకుపోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే ఎడమచెవితో బాగానే వింటుంది. టీవీలో మాత్రం మాటకు సంగీతం అడ్డం వస్తుంది, సంగీతానికి కారు చప్పుడు అడ్డం వస్తుంది. "మొత్తం కలిసి గంజి లెక్క వస్తుంది" అనేది. డాక్టరు ఇప్పించిన చెవి మిషన్‌ను కొన్నాళ్లు పెట్టుకుంది. "చెవిలనే కుక్కర్ పెట్టుకున్నట్టున్నది" అని తీసి బీరువాలో నగల డబ్బా పక్కన దాచింది.

ఇదేదో చిన్న సంగతి అనుకునేవారికి ఒక మాట చెప్పాలి. నేను పత్రికలో పనిచేసిన రోజుల్లో నా సాయంత్రాలన్నీ ఆఫీసువే. ఆమె గల్లీ ఆడవాళ్లతో కలిసి మ్యాట్నీకి పోయేది. మరునాడు పొద్దున పిట్టగోడ దగ్గర నిలబడి, సినిమాకు రాని పక్కింటావిడకు కథ మొత్తం చెప్పేది. ఊరికే కథ కాదు, ఎవరి మాట వాళ్ల గొంతుతో. అత్త గొంతు వేరు, పోలీసు గొంతు వేరు. నేను లోపల షేవింగ్ చేసుకుంటూ వింటూ, గడ్డం కోసుకున్న రోజులున్నాయి. చెవి పోయాక ఆ కథలు ఆగిపోయాయి. పక్కింటావిడ గోడ మీద చేతులు పెట్టి, "రాత్రి ఏం సినిమా జూసిండ్రు అక్కా?" అని అడిగితే, "ఏమో, నాకు నిద్రొచ్చింది" అని ఈమె బట్టలు ఆరేయడానికి అటు తిరిగేది. నిద్ర రాలేదని నాకు తెలుసు.

నాకు ఆ గోడ మీది కథ మళ్లీ కావాలి. నా హోమ్ థియేటర్ ముచ్చట మొత్తం ఇదే.

రిటైరయ్యాక మనిషికి దొరికే సుఖం ఏమిటంటే, ఒక విషయాన్ని దాని మూలం దాకా వెంటాడే తీరిక. మొదట టీవీ గొంతు పెంచి చూశాను. కార్లు పెరిగాయి, మాటలు పెరగలేదు. గోడకు అతుక్కునే ఈ పలచని టీవీల స్పీకర్లు వెనక్కో కిందికో చూస్తూ ఉంటాయని, అంటే మా టీవీ ఇన్నాళ్లూ గోడతో మాట్లాడుతోందని అప్పుడు తెలిసింది. ఫోనులో వీడియోలు చూస్తూ పోగా ఒకరోజు మధ్యాహ్నం అసలు సంగతి దొరికింది. అయిదు స్పీకర్ల కోసం తయారుచేసిన సినిమాలో, మనుషుల మాటలు ఎక్కువగా మధ్య స్పీకరు నుంచే వస్తాయట. రిసీవర్ అనే యంత్రం టీవీ నుంచి వచ్చే శబ్దాన్ని విడదీసి, దేని వాటా దానికి పంపుతుందట. మాటల పెట్టెను ఒక్కదాన్నే పెంచుకోవచ్చట!

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మాటలకు వేరే పెట్టె ఉంది. దాన్ని ఒక్కదాన్నే పెంచవచ్చు. ఇంట్లో చెబుదామని వంటింట్లోకి పోయి, చెప్పకుండానే తిరిగొచ్చాను. చెవి మిషన్ తెచ్చిన రోజు కూడా ఇట్లాగే ఎగిరి గంతేశాను మరి.

చేతిలో ఉన్న డబ్బుకు కొత్త స్పీకర్లు, రిసీవర్ రెండూ రావు. అప్పుడు భైంసాలోని మా బావ గుర్తొచ్చాడు. అక్క మొగుడు. దుబాయిలో ఒక హోటల్లో ఏళ్లకేళ్లు పనిచేసి, వచ్చేటప్పుడు ఒక హోమ్ థియేటర్ సెట్టు మోసుకొచ్చాడు. ఒక వానాకాలం పిడుగుకు దాని ప్రధాన డబ్బా కాలిపోయింది. స్పీకర్లు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. ఫోన్ చేశాను.

"ఉన్నయ్ బామ్మర్దీ, యాడికి పోతయ్? సజ్జ మీద పత్తిల చుట్టి పెట్టిన. డబ్బ కాలింది గని గొంతులు బతికే ఉన్నయ్."

"బావా, వెనక ఏదన్న అంకె రాసి ఉంటది, జర చూసి చెప్పు."

నిచ్చెన చప్పుడు, తుమ్ములు, వెనక నుంచి అక్క తిట్లు వినిపించాయి. "ఆరు అని ఉన్నది. పక్కకు గుర్రపు నాడ లెక్క బొమ్మ ఉన్నది."

ఆ గుర్రపు నాడా ఓమ్స్ గుర్తు. స్పీకరు యంత్రం మీద ఎంత బరువు వేస్తుందో చెప్పే అంకె అది. అంకె తగ్గేకొద్దీ బరువు ఎక్కువ. చౌక రిసీవర్లు కొన్ని ఎనిమిదికి తప్ప ఒప్పుకోవు, ఆరును తగిలిస్తే వేడెక్కి ఆగిపోతాయి. నాకు కావలసిన యంత్రం ఎలాంటిదో అక్కడికి తేలిపోయింది. ఆరును మోయాలి, మాటల స్పీకరును విడిగా పెంచనివ్వాలి, టీవీతో ఒక్క తీగతో కలవాలి. మిగతా హంగులేవీ లేకపోయినా సరే.

అక్కా బావా నిర్మల్, జగిత్యాల మీదుగా బస్సులు మారి కరీంనగర్ వచ్చారు. బావ భుజాన గోనెసంచి. సంచిలో పత్తి, పత్తిలో అయిదు స్పీకర్లు. దడదడమని మోగే బేస్ డబ్బాలో మాత్రం ఎలుకలు కాపురం పెట్టాయని పారేశాడట. అది ఆయనకు తీరని దుఃఖం.

"గా దుమ్ము దుమ్ము డబ్బ లేకుంటె గదేం థియేటర్ బామ్మర్దీ? బ్యాండు లేని బరాత్ లెక్కుంటది."

"మాటలు ఇనవడాలె బావా, నాకు అదే కావాలె."

"మాటలకు రేడియో కొనుక్కో" అన్నాడు బావ.

టవర్ సర్కిల్ దగ్గరి దుకాణానికి ఇద్దరం పోయాం. లోపలికి అడుగుపెట్టగానే దుకాణదారు ఏమీ అడగకుండానే ఒక సీను పెట్టాడు. వంతెన కూలింది. అద్దాల తలుపు వణికింది. బావ మొఖం పెళ్లికొడుకు మొఖంలా వెలిగింది.

"ఎట్లున్నది సార్?" అన్నాడు దుకాణదారు.

"బాగుంది. ఇద్దరు మనుషులు మాట్లాడుకునే సీను ఉంటే పెట్టండి."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "సార్, గిన్నేండ్ల సంది దుకాణం నడుపుతున్న. బాంబులు ఇనిపియ్యమంటరు, విమానాలు ఇనిపియ్యమంటరు. ముచ్చట ఇనిపియ్యమన్నోనివి నువ్వే."

"మా బామ్మర్ది పేపర్ల పనిజేసిండు. ఎవలేమన్నరో రాసుకునే బీమారి ఇంకా పోలే" అని బావ నా తరఫున సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

దుకాణదారు వెతికి వెతికి వార్తల ఛానల్ పెట్టాడు. రెండు మూడు యంత్రాలు మార్చి మార్చి వినిపించాడు. నేను దుకాణానికి వీపు తిప్పి, కుడిచెవిని అరచేత్తో గట్టిగా మూసుకుని, ఎడమచెవితో విన్నాను. అన్నింటికన్నా సాదాగా, ముందు భాగంలో తిప్పేందుకు రెండే రెండు గుండ్రటి బిరడలు ఉన్న యంత్రం దగ్గర, వార్తలు చదివే అమ్మాయి నా భుజం పక్కన నిలబడి మాట్లాడినట్టనిపించింది. "ఇదే" అన్నాను. దాని వెనక చూస్తే ఆరు నుంచి మోస్తుందని రాసి ఉంది. బావ దుకాణంలోని కొత్త బేస్ డబ్బా వైపు ఒకసారి చూసి, దానికి సెలవు చెప్పినట్టు చేత్తో తట్టి, బయటికొచ్చాడు.

ఇంటికి తెచ్చి అట్టపెట్టె విప్పగానే మా ఆవిడ పసుపు కుంకుమలతో వచ్చింది.

"పైన సందులల్ల వెయ్యకు. వేడి పోయే దారి అది" అన్నాను.

"నాకు తెల్వదా? ఫ్రిజ్జుకు బొట్టు పెట్టలేదా, ఫ్యానుకు పెట్టలేదా?" అని ముందు మూలకు చిన్న బొట్టు పెట్టింది. "దీంతోని ఏమైతది?"

"సినిమా మంచిగ ఇనవడ్తది."

"ఎవలకు?" అంది. జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది.

ఆ తర్వాత నేనూ బావా నేల మీద పాక్కుంటూ తీగలు పరిచాం. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. "దుబాయిల గివి కండ్లు మూసుకొని పెట్టిన" అన్నాడు బావ, కళ్లజోడు కోసం జేబులు తడుముకుంటూ. ముందు రెండు స్పీకర్లు టీవీకి అటూ ఇటూ, రెండు సోఫా వెనక గోడకు. మాటల పెట్టెను టీవీ కింద బల్ల అంచున పెట్టి, ముందు భాగం కొంచెం పైకి లేచేలా పాత పేపర్లు మడిచి ఎత్తు పెట్టాను. టీవీ సెట్టింగుల్లో శబ్దాన్ని బయటికి పంపమని చెప్పేదాకా యంత్రం మూగగానే ఉంది. చెప్పగానే అయిదు వైపుల నుంచీ ఒక్కసారిగా ఏదో సబ్బు ప్రకటన మా మీద పడింది. నేనూ బావా ఒకరి చేతులు ఒకరం పట్టుకున్నాం. సబ్బు ప్రకటన అంత బాగా ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు.

ఇక మిగిలింది మైకు. ఈ రిసీవర్‌తో పాటు బొటనవేలంత మైకు ఒకటి ఇస్తారు. మనిషి కూర్చునే చోట, చెవి ఎత్తులో దాన్ని పెట్టాలి. అప్పుడు యంత్రం ఒక్కో స్పీకరు నుంచి పిట్ట కూతలాంటి చప్పుడు పంపి, అది మైకును చేరడానికి ఎంత సేపు పట్టిందో, ఎంత గట్టిగా చేరిందో చూసుకుని, ఆ చెవికి తగ్గట్టు అన్నింటినీ సర్దుతుంది. ఆ కాసేపు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండాలి.

మైకు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నే మాకు రాలేదు. అక్క మొగుడు ఇంట్లో ఉన్నప్పుడు సోఫా నడిమి చోటు ఆయనదే. బావ లేచి, తను కూర్చున్న చోటును చేత్తో దులిపి, "పెట్టు" అన్నాడు. నా పాత పేపర్ల కట్టలు పేర్చి, బావ చెవి ఎత్తు చూసుకుని పైన మైకు నిలబెట్టాను. బటన్ నొక్కాను.

మొదటి కూత రాగానే వీధిలో పాత ఇనుప సామాను కొనే ఆటో రికార్డు పాడింది. యంత్రం గొడవ ఎక్కువుందని చెప్పి ఆగిపోయింది. రెండోసారి బావ ఫోన్ మోగింది. అక్క తిట్టింది, ఆ తిట్టు కూడా మైకులో పడింది. మూడోసారి అంతా సద్దుమణిగి, కూతలు ఒక్కో మూల నుంచీ వస్తుండగా వంటింట్లో మిక్సీ మొదలైంది.

"సప్పుడు జెయ్యకు!" అని నేను అరిచాను. బావ అరిచాడు. అక్క అరిచింది. మిక్సీ ఆగలేదు. ముగ్గురం వంటింటి వాకిట్లోకి పోయి నిలబడితే, వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి, ఆమె మిక్సీ ఆపింది.

"ఏందయ్యా, ముగ్గురు కలిసొచ్చిండ్రు? ఆకలైతుందా?"

అక్క ముందుగా పకపకా నవ్వింది. తర్వాత మేం. ఎప్పటిలాగే చివరికి ఆమె.

నాలుగోసారికి పని పూర్తయింది. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఒక హాస్యం సినిమా పెట్టాను. సోఫాలో నడుమ బావ, పక్కన నేను, దివాన్ మీద అక్క. మా ఆవిడ ఎప్పటిలాగే వంటింటి గడప పక్కన పీట వేసుకుని, ఒళ్లో చాట, చాటలో చిక్కుడుకాయలు పెట్టుకుని, ఎడమచెవి టీవీ వైపు తిప్పి కూర్చుంది.

సోఫాలో ఆ శబ్దాన్ని ఎలా చెప్పాలి? వాన పడితే గది నిండా పడింది. తలుపు మూస్తే వెనక్కి తిరిగి చూశాను. మాట మాటగా, అక్షరం అక్షరంగా వచ్చింది. "అరె బాప్‌రే" అని బావ మోకాలు చరుచుకున్నాడు. బేస్ డబ్బా సంగతి మరిచేపోయాడు.

అప్పుడు పెద్ద జోకు ఒకటి వచ్చింది. మేం ముగ్గురం నవ్వాం. నేను నవ్వుతూనే గడప వైపు చూశాను. ఆమె చేతులు చిక్కుడుకాయ ఈనె తీస్తున్నాయి. తలెత్తి అక్క ముఖం చూసింది. అప్పుడు నవ్వింది.

సినిమా నడుస్తూనే ఉంది. మంచినీళ్ల వంకతో లేచి, వంటింట్లోకి పోతూ పీట దగ్గర వంగి ఆమె తల పక్కన తల పెట్టాను. ఒక్క క్షణంలో సంగతి బోధపడింది. అక్కడ అది వేరే సినిమా. సోఫా వెనక స్పీకరొకటి ఆమెకు చేరువలో ఉండి వానను చెవి మీద కుమ్మరిస్తోంది. మాటల పెట్టె సోఫా వైపు తిరిగి, ఎవరితోనో మాట్లాడుతూ మమ్మల్ని పట్టించుకోని పెద్దమనిషిలా ఉంది. వెనక నుంచి ఫ్రిజ్జు గొణుగుడు. యంత్రం తప్పేమీ చేయలేదు. ఎవరి చెవి చూపించామో ఆ చెవికే సర్దింది. మేం చూపించింది దిట్టంగా వినబడే బావ చెవిని.

"గీడికెందుకొచ్చినవ్?" అంది ఆమె.

"నువ్వు సోఫా మీద కూసో, రా."

"అన్న కూసున్నంక నేనేడ కూసోవాలె? పొయ్యి మీద పాలున్నయ్. నాకు గీడనే సల్లగుంటది."

అది వాదనకు లొంగే సంగతి కాదు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఇంట్లో సినిమా చూసింది అక్కడి నుంచే. ఒక కన్ను పాల మీద, ఒక కన్ను టీవీ మీద. ఆమెను సోఫా దగ్గరికి తేవడం కన్నా మైకును పీట దగ్గరికి తేవడం తేలిక. సినిమా ఆపేశాను.

"ఏమైంది బామ్మర్దీ, కరెంటు పోయిందా?"

"లేదు బావా. మైకు జాగ మార్చాలె. పీట కాడ పెడదాం."

బావ నోరు తెరిచాడు. "గడప కాడనా? ఎవలన్న సోఫా ఇడిసిపెట్టి గడపకు సెట్టింగ్ జేస్తరా? దుబాయిల గిట్ల జేస్తే నౌకరి తీసేస్తరు."

"దుబాయిల మా మర్దలు చిక్కుడుకాయ తెంపుతదా?" అంది అక్క. "నడిమిట్ల నువ్వొక్కనివే ఇంటె సాలా? లెవ్వు, తమ్ముడు చెప్పినట్టు జెయ్యి."

అక్క అన్నదంటే బావకు తిరుగులేదు. పీట మీద పప్పు డబ్బా బోర్లించి, మా ఆవిడను పక్కన కూర్చోబెట్టి చెవి ఎత్తు చూశాను. డబ్బా చాలలేదు, దాని మీద మూకుడు బోర్లించాం. మాటల పెట్టెను గడప వైపు తిప్పి, పేపర్ల మడత తగ్గించాను. వెనక స్పీకరును బావే సోఫా అవతలి మూలకు జరిపాడు. ఫ్రిజ్జు స్విచ్చి తీశాం. ఈసారి మా ఆవిడను ముందే పిలిచి, ఎదురుగా నిలబడి చెప్పాను.

"జర సేపు సప్పుడు జెయ్యొద్దు."

"నేనెప్పుడు జేసిన?" అంది.

కూతలు వచ్చాయి, పోయాయి. నలుగురం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. పాలు పొంగలేదు, ఆటో రాలేదు. యంత్రం అంతా బాగుందని చెప్పింది. ఆపైన నేను మాటల పెట్టెను మరికొంత పెంచి, మిగతావాటిని అలాగే వదిలేశాను. సినిమాను మొదటి నుంచీ పెట్టాను. ఈసారి తెర వైపు చూసే ఉద్దేశమే నాకు లేదు.

కాసేపు ఏమీ జరగలేదు. ఆమె ఈనెలు తీస్తూనే ఉంది. తర్వాత చేతులు నెమ్మదించాయి. తర్వాత ఆగాయి. చిక్కుడుకాయ ఒకటి వేళ్ల మధ్యే ఉండిపోయింది. తెర మీద ఇంటి అల్లుడు మామకు ఏదో సర్దిచెబుతున్నాడు.

"గీడు అబద్ధమాడుతుండు" అంది ఆమె, ఎవరితోనూ కాదు. "ఇందాక పెండ్లాంతోని వేరే చెప్పిండు."

మాకెవరికీ అది తట్టలేదు. అక్క నా వైపు తిరిగింది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆ జోకు మళ్లీ వచ్చేవేళకు మేం దాన్ని ఒకసారి విన్నవాళ్లమే కాబట్టి ఎవరమూ నవ్వలేదు. ఆమె ఒక్కతే నవ్వింది. తెరను చూస్తూ నవ్వింది, చాట ఒళ్లోంచి జారేంతగా. చిక్కుడుకాయలు గడప అవతలికి దొర్లిపోయాయి. అక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ నవ్వు పాడుగాను, నీ ఎంబడి నన్ను గూడ నవ్విస్తివి" అని కొంగుతో తుడుచుకుంది.

సోఫాలో బావ అటూ ఇటూ కదిలాడు. "బామ్మర్దీ, ఈడ మాట ఒక దిక్కుకే వస్తుంది. మంచిగ లేదు." ఇంకాసేపు భరించి, చివరికి తన మెత్త చంకన పెట్టుకుని లేచొచ్చి, పీటకు కొంచెం దూరంగా నేల మీద చతికిలబడ్డాడు. "ఆఁ. గీడున్నది అసలు సినిమా."

"కూసున్నోనివి గిన్ని కాయలు తెంపు అన్నా" అని మా ఆవిడ చాట ఆయన వైపు తోసింది. తర్వాత నా వైపు చూసింది.

"ఓ పేపరాయనా, జర తక్కువ జెయ్యి. గల్లి మొత్తం ఇంటుంది."

ఎన్నేళ్లుగానో ఆమె నోట 'పెంచు' అన్న మాటే విన్నాను. రిమోట్ తీసుకుని ఒక్క గీత తగ్గించాను. ఆమె తలూపింది.

మరునాడు పొద్దున నేను అద్దం ముందు ఉన్నాను. అక్కా బావా ఇంకా లేవలేదు. పెరట్లో బకెట్టు చప్పుడు, తర్వాత పిట్టగోడ అవతల నుంచి పక్కింటావిడ గొంతు.

"నిన్న మీ ఇంట్ల ఒక్కతీరుగ నవ్వుడే గద అక్కా! ఏం సినిమా?"

బట్టలు దులిపే చప్పుడు ఆగింది.

"అయ్యో, నీకు చెప్పకపోతిని గద" అని మొదలుపెట్టింది మా ఆవిడ. "ఒగ అల్లుడుంటడు. వాడు పెండ్లాంతోని ఒగటి చెప్తడు, మామతోని ఒగటి చెప్తడు..." మామ గొంతు బొంగురుగా వచ్చింది. అల్లుడి గొంతు నంగిగా వచ్చింది. అత్తకు సినిమాలో లేని ఒక తిట్టు కూడా కలిసింది, అది సినిమాలో ఉండాల్సిన తిట్టే. పక్కింటావిడ నవ్వు గోడ దాటి వచ్చింది.

నేను షేవింగ్ ఆపేసి, కత్తిని అద్దం ముందు బల్ల మీద పెట్టేసి విన్నాను. ఈ వయసులో గడ్డం కోసుకోవడం ఎందుకు?